మన్ను లేని మడి



నల్లరేగడి నేలలో సేద్యము చేసినవారికి జాలు అనగా నేమో చెప్పనక్కరలేదు. తుఫాను పట్టి చేలో మూడు దినములు నీరు నిలిచినచో, నిన్నటివరకు నిగనిగలాడిన మిరపతోట నాల్గవనాడు తల వ్రాల్చును. ప్రత్తి ఎఱ్ఱబారును. చిలకలూరిపేట చుట్టుపట్టుల ఏ రైతు నడిగినను ఈ మాటయే చెప్పును. ఆ నీరు బయటికి పంపుటకు గట్లు తెగగొట్టి, కాలువలు తీసి, రాత్రులు మేలుకొన్నవారు తమలో పెక్కుండ్రు ఉందురు.

అట్టివారితో, "మన్ను లేకుండ, కేవలము నీటిలో వేళ్లు వ్రేలాడదీసి ఆకుకూరలు పెంచవచ్చును" అని చెప్పినచో నవ్వుదురు. నవ్వుటయు న్యాయమే. నీటిలో మునిగి చచ్చిన పైరును కన్నులార చూచినవాడు నీటిలోనే బ్రతుకు పైరును ఎట్లు నమ్మును? నేనును మొదట నమ్మలేదు. ఈ ప్రసంగమున నేను చెప్పదలచిన దంతయు ఈ ఒక్క ప్రశ్నను పట్టుకొనియే నడచును. దాని జవాబు గ్రహించినవారికి తక్కిన పని చేతివాటముమీద వచ్చును. గ్రహింపక సామగ్రి కొన్నవారి ధనము వ్యర్థమగును.

ఈ విషయమును ఇప్పుడెత్తుటకు కారణ మొకటి కలదు. ఇటీవల పట్టణములలో ఒక చిన్న పెట్టె అమ్మకమునకు వచ్చినది. జానెడు వెడల్పు, మూరెడు పొడవు ఉండును. క్రింద నాలుగైదు లీటర్ల నీరు పట్టు తొట్టి. పైన ఆరు మొదలు పండ్రెండువరకు రంధ్రములు గల మూత. దానిపై నొక కడ్డీకి తగిలించిన విద్యుద్దీపము. లోపల నీటిని కదలించు చిన్న మోటారు. దీనిని వంటయింటి గట్టుమీద నుంచుకొని పుదీన, కొత్తిమీర మొదలగునవి పెంచుకొందురు. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్న బిడ్డలు ఇట్టి పెట్టెను తలిదండ్రులకు కానుకగా పంపుచున్నారు. మోకాళ్లు సహకరింపక, చేను కౌలుకిచ్చి, అరుగుమీద ప్రొద్దుపుచ్చుచున్న పెద్దవారి చేతులకు మరల నొక పచ్చని పని దొరకునని వారి ఆశ. ఆశ మంచిదే. కాని రెండు నెలలు గడచుసరికి ఆ పెట్టెలలో కొన్ని అటక యెక్కుచున్నవి. పెట్టె అటక యెక్కుట పెద్ద నష్టము కాదు. నలుబదియేండ్లు మిరప పండించిన మనిషి, "నాలుగు పుదీన రెమ్మలను బ్రతికించలేకపోతిని, ఇక నావలన ఏదియు కాదు" అని నొచ్చుకొనుట చూచినాను. అది నష్టము. లోపము ఆ చేతిలో లేదు. పెట్టెతో వచ్చిన కాగితము ఇంగ్లీషున ఉండును. అందు ఏమి చేయవలెనో యుండును గాని, ఎందుకు చేయవలెనో యుండదు. రైతుకు ఎందుకో తెలియనిదే చేయి ఆడదు.

మన్ను మొక్కకు చేయు ఉపకారములు ఏమేమి? నిలబెట్టును. తినిపించును. ఈ రెండును అందరెఱిగినవే. మూడవది, వేళ్లకు ఊపిరి నిచ్చును. నాల్గవది, మన తప్పులను కాచును. ఒకనాడు ఎరువు ఎక్కువైనను, ఒకవారము తడి తక్కువైనను, మన్ను కొంత దాచుకొని కొంత విడిచిపెట్టి సర్దుకొనును. మన్ను తీసివేసితిమా, ఈ నాలుగు బాధ్యతలును మన తలమీద పడును.

మన్నే మొక్కకు ఆహారమను నమ్మకము లోకమున చిరకాల ముండెను. నేటి బెల్జియము దేశమున వాన్ హెల్మాంటు అను వైద్యు డొకడు ఒక తొట్టిలో 200 పౌనుల ఎండుమన్ను నింపి, 5 పౌనుల బరువుగల విల్లో మొక్కను నాటి, అయిదేండ్లు వట్టి నీరు పోసి, పిమ్మట తూచెను. చెట్టు 169 పౌనులకు పెరిగెను. మన్ను తగ్గినది రెండు ఔన్సులు! ఆయన పోయిన తరువాత, 1648లో, ఈ సంగతి అచ్చుపడెను. చెట్టంతయు నీటినుండియే పుట్టినదని ఆయన తీర్మానించెను. అది పొరపాటు. ఆకులు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి ఒడలు పెంచుకొనునని అప్పటివారికి తెలియదు. ఆ తగ్గిన రెండు ఔన్సులను లెక్కకు తీసికొనకపోవుట మఱియొక పొరపాటు. మనకు కావలసిన మర్మము ఆ రెండు ఔన్సులలోనే యున్నది.

1699లో ప్రకటించిన ప్రయోగములలో లండను నగరపు జాన్ వుడ్‌వర్డు అను నాతడు పుదీన జాతి మొక్కలను వాననీటిలోను, థేమ్సు నది నీటిలోను, తోటమన్ను కలిపిన నీటిలోను పెంచి చూచెను. మన్ను కలిపిన నీటిలోనిది ఎక్కువగా పెరిగెను. అనగా నీరు మాత్రమే చాలదు, నీటిలో కరిగి వచ్చునది ఏదియో కావలెను. 1860 ప్రాంతమున జర్మనీ దేశపు శాస్త్రజ్ఞులు సాక్సు, నాప్ అనువారు ఆ కరిగి వచ్చునవి ఏవో లవణములుగా విడదీసి, వానినే నీటిలో కలిపి, మన్ను పొడి లేకుండ మొక్కలను పుష్పించువరకు పెంచిరి. అటుపిమ్మట కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునందలి గెరికె పండితుడు 1929లో ఈ పద్ధతిని ప్రయోగశాలనుండి తోటలోనికి తెచ్చుటకు పూనుకొనెను. 1937లో దీనికి హైడ్రోపోనిక్సు అను పేరు వచ్చినది. గ్రీకు భాషలో నీరు, శ్రమ అను రెండు మాటల కూర్పు అది. శ్రమ నీటిదో మనుష్యునిదో వారు చెప్పలేదు. నా యనుభవమున ఇద్దరిదియు.

మన దేశమునకును ఇది క్రొత్తది కాదు. 1946లో షోల్టో డగ్లసు అను నాతడు బెంగాలులోని కాలింపాంగు కొండలలో ఈ సేద్యముపై ప్రయోగములు మొదలుపెట్టెను. ఖరీదైన యంత్రములు లేకుండ, రాతిముక్కలతో నింపిన తొట్లలో, సామాన్య గృహస్థుడు చేసికొనదగిన రీతిని ఆయన ప్రచారము చేసెను. ఆయన వ్రాసిన గ్రంథము పేరులోనే బెంగాలు పద్ధతి అని యున్నది. కాబట్టి నేడు మెరయు పెట్టెలో వచ్చినదానిని చూచి, ఇది మన తరమునకు మించినదని బెదరనక్కరలేదు.

ఇక మన ప్రశ్నకు వత్తము. జాలు పట్టిన చేలో మిరప ఎందువలన చచ్చినది? నీరు ఎక్కువై కాదు, ఊపిరి అందక. వేరుకును ప్రాణవాయువు కావలెను. మన్ను రేణువుల నడుమ సందులుండును, ఆ సందులలో గాలి యుండును. వాననీరు ఆ సందులను నింపివేసినచో గాలి వెడలిపోవును. నీటిలోను కొంత ప్రాణవాయువు కరిగి యుండును గాని అది మిక్కిలి స్వల్పము. 20 డిగ్రీల వేడిమిగల లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు, 30 డిగ్రీలలో ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే ఇముడును. నీరు కాగినకొలది ఊపిరి తగ్గును, వేరు ఆకలి హెచ్చును. కదలని నీటిలోనున్న ఆ కొంచెమును వేళ్లు కొద్దికాలములో త్రాగివేయును. పిమ్మట కుళ్లుట మొదలు.

"మఱి వరి మాటేమి?" అని తాము అడుగుదురు. వరి గడ్డిని అడ్డముగా కోసి చూచినచో లోపల బోలుగా నుండును. ఆకులనుండి వేళ్లవరకు గాలి దిగు మార్గములు దానికి పుట్టుకతో వచ్చినవి. మిరపకును, ప్రత్తికిని, తోటకూరకును ఆ వసతి లేదు. వానికి మనము కల్పింపవలెను.

ఆ గాలిని ఇచ్చుటకు దారులు రెండు. మొదటిది మోటారు పెట్టి నీటిని ఎల్లప్పుడు కదలించుట, లేదా చేపల తొట్లలోవలె బుడగలు విడుచుట. అమ్మకపు పెట్టెలు చేయునది ఇదియే. కరెంటు పోయి మండు వేసవిలో అయిదారు గంటలు రాకపోయినచో ఇది అపాయము. రెండవ దారి మోటారు లేనిది. హవాయి విశ్వవిద్యాలయపు క్రాట్కీ అను ఆచార్యుడు దీనిని వ్యాప్తికి తెచ్చెను. ఇది ఎంత సులువైనదనగా, విన్నవారు ఇంతేనా యందురు. పాత్ర నిండ పోషకజలము పోసి, మూతకు రంధ్రము చేసి, అందు చిల్లుల గిన్నెలో మొక్క నుంచవలెను. మొదట గిన్నె అడుగు నీటిని తాకుచుండవలెను. మొక్క త్రాగినకొలది నీటిమట్టము దిగును. మూతకును నీటికిని నడుమ ఖాళీ ఏర్పడును. ఆ ఖాళీలో పై వేళ్లు తేమగాలిలో వ్రేలాడుచు ఊపిరి పీల్చును. క్రింది వేళ్లు నీటిలో నుండి ఆహారము తెచ్చును. ఒకే మొక్కకు రెండు తెగల వేళ్లు!

నేను చేసిన తప్పు ఇక్కడనే. మూత యెత్తి చూడగా నీరు సగమునకు దిగియుండెను. అయ్యో, మొక్కకు దాహమగుచున్నదని జాలిపడి అంచువరకు నీరు పోసితిని. గాలికి అలవాటుపడిన వేళ్లన్నియు ఒక్కసారి మునిగిపోయినవి. మూడవనాటికి పాలకూర వాలెను. అయిదవనాటికి వేళ్లు గోధుమవన్నెకు తిరిగి మురుగువాసన కొట్టెను. వంటయింటిలో, రెండు మూరల జాగాలో, నా చేతులార నేను జాలు పట్టించితిని! ఆనాటినుండి నా నియమ మిది: మరల పోయవలసి వచ్చినను పాత్రలో సగమునకు మించి పోయరాదు, ఆ ఖాళీని చెఱపరాదు.

తరువాత చూడవలసినది నీరు. ఇది మన సీమవారికి ముఖ్యమైన మాట. పలనాటి నేలలో సున్నపురాయి విస్తారము. పిడుగురాళ్ల సున్నపు బట్టీల ఊరని అందరికి తెలియును. అట్టి నేలలనుండి తోడిన బోరునీరు పెక్కుచోట్ల కఠినమైనది. దానికి యంత్రపరీక్ష అక్కరలేదు. ఏ బావినీటిలో కందిపప్పు తొందరగా ఉడకదో, ఏ నీట సబ్బు నురుగు కట్టదో, ఏ నీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర పేరుకొనునో, ఆ నీరు ఈ పనికి తగదు. అందు సున్నము ముందే నిండియుండును. దానిమీద మనము లవణములు కలిపినచో మొక్కకు భారమగును. వాననీరు శ్రేష్ఠము. డాబామీద పడిన మొదటి వానను పోనిచ్చి, రెండవ వానను పట్టి మూతపెట్టి దాచుకొనవచ్చును. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిమ్మట ఈ ప్రాంతపు చెరువులు కొన్ని కృష్ణనీటితో నిండుచున్నవి. ఆ నీటిని తేర్చి వాడుకొనవచ్చును. అదియు లేనిచో, ఊరిలో డబ్బాలతో అమ్ము శుద్ధజలము చాలును. ఆ యంత్రములవారియొద్ద టి.డి.ఎస్. అను కొలత చూపు చిన్న సాధనముండును. నీరు అందులో 200కు లోబడి యుండినచో నిశ్చింత. 500 దాటినచో వాననీటితో కలిపి తగ్గించుకొనవలెను.

ఇక ఆహారము. పెండ్లిలో పాలికలయందు నవధాన్యములు చల్లుదుము. ఎరువు లేకున్నను రెండుమూడు దినములలో మొలకలు లేచును. అది తల్లి కట్టియిచ్చిన సద్దిమూట, గింజలోనున్న నిలువ. ఆకులు రెండు విచ్చుకొనుసరికి ఆ మూట ఖాళీ. అటుపిమ్మట వాన్ హెల్మాంటు లెక్కచేయని ఆ రెండు ఔన్సులను మనము పెట్టవలెను. నత్రజని, భాస్వరము, పొటాషు అను మూడింటిని ఎఱుగని రైతు లేడు. వీనితోపాటు సున్నము, మెగ్నీషియము, గంధకము కొంతయు. ఇనుము, మాంగనీసు, తుత్తునాగము, రాగి, బోరాను మొదలగునవి లేశమాత్రమును కావలెను.

ఇక్కడ మన రైతులు సాధారణముగా చేయు పొరపాటును చెప్పవలెను. ఇంట యూరియా బస్తా యున్నది గదా యని నీటిలో చిటికెడు వేయుదురు. చేలో యూరియా పనిచేయుట మన్నులోని సూక్ష్మజీవుల చలువ. అవి దానిని విడగొట్టి మొక్కకు పట్టు రూపమునకు మార్చును. శుభ్రమైన నీటిలో ఆ జీవులు చాలినన్ని లేవు. యూరియా యూరియాగనే యుండును, లేదా ఘాటెక్కి వేళ్లను కాల్చును. పంతొమ్మిది-పంతొమ్మిది-పంతొమ్మిది అని అమ్ము నీటఁగరుగు ఎరువులోను నత్రజనిలో చాలభాగము యూరియాయే, సున్నము బొత్తిగా లేదు. పేడనీరు, జీవామృతము మన్నునకు మేలుచేయును గాని ఈ మూతవేసిన పాత్రలో కుళ్లి ఉన్న ఊపిరిని హరించును. కావున నీటిసేద్యమునకే కూర్చిన పొడులను కొనుటయే యుక్తము. అవి ఎ, బి అని రెండు పొట్లములుగా వచ్చును. రెంటిని కలిపి ఒకే సీసాలో చిక్కగా కరగించినచో ఒకదానిలోని సున్నము రెండవదానిలోని గంధకముతోను భాస్వరముతోను కూడి తెల్లని మడ్డిగా అడుగునకు దిగును. ఆ మడ్డి మొక్కకు అందదు. అందుచేత ముందు ఎ పొడిని పాత్రనిండ నీటిలో కరగించి, బాగుగా కలిపిన పిమ్మటనే బి పొడిని వేయవలెను. లేతమొక్కలకు పొట్లముమీద చెప్పినదానిలో సగము చాలును. అదే టి.డి.ఎస్. సాధనముతో చూచినచో, ఆకుకూరలకు 500 మొదలు 800 వరకు ఉండుట యుక్తము.

పులుపు, చౌడు సంగతి కూడ చూడవలెను. పి.హెచ్. అను కొలతలో 7 సమము. క్రిందిది పులుపు, మీదిది చౌడు. మన రేగడినేలలు 8 చుట్టుపట్ల ఉండును. నీటిసేద్యమునకు అయిదున్నర మొదలు ఆరున్నర వరకు కావలెను. చౌడు హెచ్చినచో ఇనుము పాత్రలో ఉండియు మొక్కకు అందదు. లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును. చిన్న పాత్రకు నిమ్మరసము చుక్కలుగా వేసి పులుపు తేవచ్చును. అది నాలుగు దినములకు మించి నిలువదు, మరల చూచుకొనవలెను.

పెట్టె కొననివారు ఏ పాత్ర వాడవలెను? పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు, గట్టి మూత కలది, చాలును. వెలుతురు లోపలికి దూరరాదు. దూరినచో నాచు పట్టి మొక్క తినవలసిన దంతయు తినివేయును. తెల్ల బకెట్టైనచో గోనెపట్టా చుట్టవలెను. ఆ గోనెను తడుపుచుండినచో నీరు చల్లగానుండుట రెండవ లాభము. రాగి, ఇత్తడి, ఇనుప పాత్రలు తగవు. పులిసిన నీరు లోహమును కరగించును. మట్టికుండ చల్లనిదే గాని, చెమర్చి లవణములను ఒడలెల్ల పూసికొనును. ఇంకొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. మన ప్రాంతమున పురుగుమందు డబ్బాలకు కొఱత లేదు. ఎన్నిమారులు కడిగినను, ఎండబెట్టినను, అట్టి డబ్బాను ఈ పనికి ముట్టుకొనరాదు. ఆ విషము ప్లాస్టిక్కులో ఇంకి, నీటిలోనికి దిగి, ఆకులోనికి ఎక్కి, తుదకు మనుమల కంచములోనికి వచ్చును.

దోమలను గూర్చియు చెప్పవలెను. మూతలేని నిలువనీరు ఇంట నుంచుట డెంగీ దోమకు ఊయెల కట్టుటయే. గిన్నె చుట్టునున్న సందును గుడ్డపీలికతోనో దూదితోనో మూయవలెను. ఖాళీ రంధ్రమును ఒక్కరోజైనను తెఱచియుంచరాదు.

ఏ మొక్కతో మొదలుపెట్టవలెను? నిస్సందేహముగా పుదీనతో. విత్తనము అక్కరలేదు. బజారు కట్టలో గట్టి కాడలు నాలుగు ఏరి, కణుపునకు దిగువన కోసి, క్రింది ఆకులు దూసి, వట్టి నీటిలో గ్లాసులో నిలిపినచో వారము పదిదినములలో తెల్లని వేళ్లు దిగును. ఆ వేళ్లు అంగుళము కాగానే చిల్లుల గిన్నెలో కొబ్బరిపొట్టుతోనో, కడిగిన గులకరాళ్లతోనో నిలబెట్టి బకెట్టు మూతలో దించవలెను. కొబ్బరిపొట్టును మూడునాలుగు నీళ్లలో కడిగి ఉప్పు వదలించుట మఱవరాదు. నెల దాటిన పిమ్మట చివరలు త్రుంచుచుండినకొలది ప్రక్కకొమ్మలు వేయును.

పుదీన చేతికి లొంగిన పిమ్మట తోటకూర, పాలకూర వేయవచ్చును. తోటకూర నాలుగుదినములలో మొలచి నెలరోజులకు కోతకు వచ్చును. కొత్తిమీరకు ధనియములను మెల్లగా నలిపి రెండు బద్దలుగా చేసి, రాత్రియంతయు నానవేసి చల్లవలెను. అది సోమరి గింజ, మొలచుటకు పదిదినములు పట్టును; నిరాశపడి త్రవ్వి చూడరాదు. వంటయింటి డబ్బాలోని పాత ధనియములు ఒక్కొక్కప్పుడు మొలవనే మొలవవు.

గుంటూరుసీమలో గోంగూర మాట రాక తప్పదు. దానిని చేనికే వదలుదము. నిలువెత్తు పెరుగు మొక్కను గిన్నెలో నిలబెట్టుట ఏనుగును ఉట్టిలో నుంచుటవంటిది. మిరపకు పెద్ద తొట్టి, కర్ర ఊత, పూతకాలమున వేరు మోతాదు ఎరువు కావలెను. మొదటి యేడు దానిజోలికి పోకుండుట మేలు.

వెలుతురు విషయమున పల్లెవారు అదృష్టవంతులు. పట్టణపు గదిలో 20 వాట్ల దీపమును దినమునకు 15 గంటలు వెలిగింతురు. నెలకు 9 యూనిట్ల కరెంటు. మనకు తూర్పు అరుగుమీది ప్రొద్దుటి ఎండ అయిదారుగంటలు చాలును. పడమటి గోడ ప్రక్క పెట్టరాదు; మధ్యాహ్నపు ఎండకు నీరు కాగి, ఇంతకుముందు చెప్పినట్లు ఊపిరి తగ్గును.

ఖర్చు సంగతి దాచను. లెక్క చూచినచో బజారులో ఆకుకూర కట్ట ఇంతకంటె చౌక. పెట్టె కొనుటకు వేల రూపాయలగును. దానితో ఎన్ని కట్టలు వచ్చునో తామే లెక్కింపగలరు. బకెట్టు పద్ధతికి అందులో కొద్దిభాగము చాలును. ఒక బకెట్టులోని నాలుగు గిన్నెల తోటకూర ఒక పూట కూరకు సరిపోవును, అంతకుమించి కాదు. ఇది చేనికి బదులు కాదు, పెరటికి బదులు కాదు. ఇంటి ముందు గజము మన్ను ఉన్నవారు మన్నులోనే వేసికొనుట ఉత్తమము. మన్ను లేనివారికి, వంగలేనివారికి, మంచము దిగి నాలుగడుగులు మాత్రమే వేయగలవారికి ఇది తగినది. మందు చల్లని ఆకు కావలసినప్పుడు త్రుంచుకొను సుఖము దీనిది. బిడ్డలు పంపిన పెట్టె ఇంట ఉన్నచో దానిని అటకనుండి దింపి, కడిగి, పై నియమములతో మరల ప్రయత్నించవచ్చును. అందు మోటారున్నది గనుక నీటిమట్టము కొంత ఎక్కువగానున్నను అపాయము తక్కువ. కరెంటు నిలుకడగా లేని ఊళ్లలో మాత్రము దానియందును రెండంగుళముల ఖాళీ విడుచుట మంచిది.

కాలమును కూడ ఎంచుకొనవలెను. రెంటచింతల ఎండలను ఎఱిగినవారికి వేసవిలో ఈ ప్రయత్నము వలదని వేరుగా చెప్పనేల? దసరా వెళ్లిన వారమున పుదీన కాడలను గ్లాసులో నిలుపవలెను. కార్తికమున తోటకూర, పాలకూర. మార్గశిరారంభమున కొత్తిమీర చల్లినచో సంక్రాంతి పప్పుచారులోనికి అందును. రెండువారముల కొకమారు మూత యెత్తి వేళ్లను చూడవలెను. తెల్లగానున్నచో మూత దింపి ఊరకుండవలెను. కోటప్పకొండ తిరునాళ్ల దాటి ఎండ ముదురుసరికి కడపటి కోత కోసి, మిగిలిన నీటిని కరివేపాకు మొదట పోసి, పాత్రను చింతపండుతో తోమి, ఎండలో బోర్లించి, మరల దసరావరకు ప్రక్కన పెట్టవలెను. పుదీన కాడలు రెండింటిని మాత్రము నీడనున్న మట్టికుండీలో నాటి, వేసవి గడుపుకొనవచ్చును.